అత్తయ్య ఆగిన చోట

నాకు ముక్కు మీదే కోపం. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకీ, మెట్ల మీద ఎదురుపడేవాళ్ళకీ, నేను పని చేసిపెట్టే ప్రింటింగ్ ప్రెస్సు ఓనరుకీ అందరికీ తెలుసు. అలాంటిదాన్ని ఈ కథలో చాలాసేపు నోరు మూసుకుని కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో చెప్పాలంటే ముందు మా అత్తయ్య సంగతి చెప్పాలి. అత్తయ్య సంగతి చెప్పాలంటే చీటీల సంగతి చెప్పాలి.

నేను రాస్తాను. రాస్తానంటే కథలూ కవిత్వమూ అనుకునేరు, అవేం కావు. ప్రెస్సు ఓనరుకి కరపత్రాలు రాసిస్తాను. కొత్తగా తెరిచిన కళ్ళజోళ్ళ షాపు, పళ్ళ డాక్టరు, కారు నడపడం నేర్పే స్కూలు, ఎవరొస్తే వాళ్ళకి. డబ్బంటే నాకేం చేదు కాదు. పళ్ళ డాక్టరుగారి చిరునవ్వు మీద నాలుగు ముక్కలు రాయమంటే, ఆయన నవ్వగా నేనెప్పుడూ చూడకపోయినా చక్కగా రాసిచ్చాను.

చీటీలు మాత్రం ఊరికే రాస్తాను. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోను. ఇంట్లోకి ఏ కరెంటు సామాను కొన్నా దాంతోపాటు లావుపాటి పుస్తకం ఒకటి ఇస్తారు కదా, అది చదివి ఒక్క మీటైనా సరిగ్గా నొక్కినవాళ్ళని నేను చూడలేదు. మా బిల్డింగు మెట్ల కింద అందరికీ కలిపి బట్టలుతికే మిషను పెట్టినప్పుడు, ఆ పుస్తకం చదివి మా ఆయన మీట నొక్కితే నీళ్ళు గుమ్మం దాటి వీధిలోకి పోయాయి. మా ఆయన బస్సు డ్రైవరు. అంత పొడుగు బస్సుని ఇరుకు సందుల్లో గీత పడకుండా తిప్పుకొచ్చే మనిషి, ఆ మిషను ముందు ప్యాంటు మడుచుకుని దిక్కులు చూస్తూ నిలబడిపోయారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, ఆ పుస్తకం రాసిన మహానుభావుడి మీద. ఆ రోజే కూర్చుని, ముందు ఏది తిప్పాలి, తర్వాత ఏది నొక్కాలి, ఏది ముట్టుకోకూడదు అన్నది ఒక్క కాగితం మీద రాసి గోడకి అంటించాను. అది మొదటి చీటీ.

తర్వాత పై అంతస్తువాళ్ళు మిక్సీ పట్టుకొచ్చారు. పక్కింటాయన గీజరు సంగతి అడిగాడు. రిపేరు షాపువాళ్ళు నా చీటీల కాపీలు తీసి బల్ల మీద పెట్టుకున్నారు. ఎవరో ఫోన్లలో పంచారు. మెల్లగా నా పేరు పోయి 'చీటీలక్క' మిగిలింది.

చీటీ రాయడానికి నాకో పద్ధతి ఉంది. నేను రాసింది పైకి చదువుతాను. మా అత్తయ్య మిషను ముందు నిలబడి, చదివింది చదివినట్టు చేస్తుంది. చదవనిది చెయ్యదు. సొంత తెలివి వాడకూడదన్నది నేను పెట్టిన షరతే, ఆవిడ దాన్ని ఉడుంపట్టు పట్టింది. 'ప్లగ్గు పెట్టండి' అని చదివితే ప్లగ్గుని భద్రంగా బల్ల మీద పెట్టింది. ఇంకోసారి 'మీట నొక్కండి' అని చదివి, ఫోను మోగితే అటెళ్ళాను. వచ్చేసరికి ఇల్లంతా కాలిన వాసన, ఆవిడ వేలు ఇంకా మీట మీదే ఉంది.

"అయ్యో అత్తయ్యా, వదిలెయ్యొచ్చుగా!"

"వదలమని రాశావా?" అంది తాపీగా.

చదువుతుండగా ఏ వాక్యం దగ్గరైనా ఆవిడ చేతులు ఏం చెయ్యాలో తోచక నిలిచిపోతే, "ఇక్కడ ఆగిపోయానమ్మాయ్" అంటుంది. అంతే. ఇక వాదన లేదు, నేను ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాయాల్సిందే. మొదట్లో నేనూ ఊరుకునేదాన్ని కాదు. "మీకు అర్థమైంది కదత్తయ్యా, చేసెయ్యండి" అని కసిరేదాన్ని.

"నాకర్థమైతే ఏం లాభమే, చేతులకి అర్థం కావద్దూ?" అనేది.

కొడుకు రోజూ డ్యూటీకి వెళ్ళొస్తాడు కాబట్టి ఆవిడ దీన్ని కూడా డ్యూటీ అనే అంటుంది. కాకపోతే ఆ డ్యూటీ ఎక్కే ముందు ఇల్లంతా గాలించి కళ్ళజోడు వెతకాలి. ఒకసారి ఫ్రిజ్‌లో దొరికింది, ఒకసారి చెప్పుల దగ్గర దొరికింది. అందరం తలో గదీ వెతుకుతుంటే ఆవిడ మాత్రం కుర్చీలో కూర్చుని, "తొందరగా కానివ్వండి, అవతల పనుంది నాకు" అని మా మీదే ఎగురుతుంది.

ఇక కుక్కరు సంగతి. మా కింద వాటాలో టైలరు ఒక్కడే ఉంటాడు. కుట్టుపనీ వంటా ఒక్క గదిలోనే. ఒకనాడు బంగాళాదుంపలు ఉడకేసి, మూత టక్ మనగానే పడిందనుకుని స్టవ్వు ముట్టించాడు. కాసేపటికి మూత ఎగిరి ఆవిరి చేతి మీద కొట్టింది. కుడి చెయ్యి. చాలా రోజులు సూది పట్టలేకపోయాడు. గిరాకీలు వచ్చి గుడ్డలు వెనక్కి తీసుకెళ్తుంటే గుమ్మంలో నిలబడి చూసేవాడు పాపం. నేను ఆ కుక్కరు తెచ్చుకుని, విప్పి, బిగించి, మళ్ళీ విప్పి చూశాను. రబ్బరు కొత్తగా ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు. వాడగా వాడగా అది ఉబ్బుతుంది. అప్పుడు మూత సగం తిరగగానే టక్ మంటుంది. వాళ్ళ పుస్తకంలో ఏముంది? టక్ మంటే మూత పడినట్టే అని ఉంది.

ఆ చీటీ మీద మొదటి వాక్యం నాకిప్పటికీ నోటికి వచ్చు. 'టక్ మన్నా నమ్మకండి, పిడి పట్టుకుని ఇంకోసారి తిప్పి చూడండి, కదిలితే మూత పడనట్టే.' దీని దగ్గర అత్తయ్య ఒక్కసారి కూడా ఆగలేదు.

కొన్నాళ్ళకి ఆ కుక్కరు కంపెనీ నుంచే ఫోనొచ్చింది. తిట్టడానికేమో అనుకుని నేనూ నడుం బిగించాను. తిట్టలేదు, ఒకసారి రమ్మన్నారు. అత్తయ్యని వెంటబెట్టుకుని వెళ్ళాను.

వాళ్ళ ఆఫీసు పై అంతస్తులో వంటగది లాంటి గది ఒకటుంది. వరసగా స్టవ్వులు, కుక్కర్లు, మిక్సీలు, అన్నీ తళతళలాడుతున్నాయి. వంట వాసన మాత్రం లేదు. అత్తయ్య లోపలికి అడుగుపెడుతూనే గాలి పీల్చి, "ఇక్కడెవరూ తిన్న పాపాన పోలేదే" అంది నా చెవిలో. కంపెనీ సామానుతో ఇచ్చే పుస్తకాలన్నీ చూసుకునే మేడమ్ ఎదురొచ్చింది. చిన్నదే, మర్యాదస్తురాలు, కళ్ళ కింద అలసట కనిపిస్తోంది.

"మా హెల్ప్‌లైనుకి ఫోన్ చేసేవాళ్ళు 'చీటీలక్క ఇలా చెప్పింది కదా' అంటున్నారండీ," అంది. "మా పుస్తకం విప్పేవాళ్ళే లేరు. మీరే వచ్చి మా పుస్తకాలు రాయండి. నెలనెలా జీతం, మీకంటూ ఒక బల్ల."

"నేనొక్కదాన్నే రాయలేనండీ. ఈవిడ చేసి చూస్తే గానీ నా కాగితం బయటికి పోదు," అన్నాను అత్తయ్యని చూపించి.

మేడమ్ సరదా పడి, కొత్త మిక్సీ పుస్తకం తీసి తనే చదివింది: 'పాత్రను తగు విధముగా అమర్చవలెను.' అత్తయ్య పాత్ర పట్టుకుని అలాగే నిలబడింది. అటు చూసింది, ఇటు చూసింది.

"ఇక్కడ ఆగిపోయానమ్మాయ్."

మేడమ్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాత బల్ల మీదకి వంగి ఏదో రాసుకుని, "ఇద్దరికీ ఉద్యోగం. వారం పని చేసి చూడండి, ఆ తర్వాత కాగితాల మీద సంతకాలు చేసుకుందాం" అంది. ఇద్దరికీ ఫొటో తీసి కార్డులిచ్చారు. నీలం తాడు, దానికి కార్డు, కార్డు మీద ఫొటో. ఫొటోలో అత్తయ్య ఊపిరి బిగబట్టి ఉంది.

ఆ వారం గురించి ఉన్నమాట చెబుతాను. నాకు బాగుంది. చాలా బాగుంది. ఏ సామాను కావాలంటే అది బల్ల మీదకొచ్చేది. సందేహమొస్తే ఇంజనీరు స్వయంగా దిగొచ్చి చెప్పేవాడు. ఇంట్లో చీటీ రాస్తే అది మా వీధి దాటి నాలుగు ఫోన్లలోకి వెళ్తే గొప్ప. ఇక్కడ రాస్తే ప్రతి డబ్బాలోనూ నా మాట వెళ్తుంది. వచ్చే కుక్కరు పుస్తకంలో మొదటి పేజీలోనే టక్ సంగతి వేయిద్దామని నేను ఉబలాటపడుతున్నాను.

అత్తయ్య మాటకొస్తే ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ జీతమన్నది కళ్ళజూడలేదు. ఏది కావాలన్నా ముందు మామయ్యగారిని అడిగేది, తర్వాత కొడుకుని. అడగడం ఇష్టం లేక చాలా వాటికి కావాలనుకోవడమే మానేసింది. అలాంటిది ఇప్పుడు ఆ కార్డు మెళ్ళో వేసుకునే తినేది, వేసుకునే టీవీ చూసేది. ఆవిడ చెల్లెలు రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి తన కూతుళ్ళ ఉద్యోగాల గొప్పలు గంటలకొద్దీ చెప్పేది. ఇన్నాళ్ళూ ఊఁ కొడుతూ వినేది కదా, ఆ వారం మాత్రం, "చెల్లీ, నాకు టైం లేదే, ఆఫీసుంది" అని ఫోను పెట్టేసింది. పెట్టేసి నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. నా కడుపు నిండిపోయింది.

వారం ముగిసే రోజు మేడమ్ ఒప్పందం కాగితాలు నా ముందు పెట్టింది. అత్తయ్య కిందికి, లిఫ్టు నడిపే ఆవిడకి కార్డు చూపించడానికి వెళ్ళింది. నేను చదువుతూ చదువుతూ ఒక చోట టక్కున ఆగాను. ఇంతకు ముందు ఉచితంగా పంచిన చీటీలన్నీ రచయిత వెనక్కి తీసుకోవాలి. ఇకపై సొంతంగా ఏ వస్తువు గురించీ రాయకూడదు.

"ఇదేంటండీ?"

"అన్ని కంపెనీల్లోనూ ఉండేదేనండీ. మాకు పని చేస్తూ బయట కూడా రాస్తే ఎలా?"

"సరే. మరి కుక్కరు పుస్తకంలో టక్ సంగతి మొదటి పేజీలో వేస్తున్నాం కదా?"

మేడమ్ నీళ్ళు నమిలింది. "అది రాదండీ. రాస్తే మూతలో లోపముందని మనమే ఒప్పుకున్నట్టవుతుందట. లాయర్లు కొట్టేశారు. కొత్త మూత తయారవుతోంది. ఇకపై కొనేవాళ్ళకి ఆ ఇబ్బందే ఉండదు."

"ఇప్పటికే కొన్నవాళ్ళకి?"

"వాళ్ళకి..." అని ఆగి, కాగితం వైపు చూసింది. వాళ్ళకి ఉన్నది నా చీటీ ఒక్కటే. అది తీసెయ్యమని ఆ కాగితమే చెబుతోంది.

నా ఒంట్లో సర్రున లేచింది. అక్కడికక్కడే ఆ కాగితాలు చింపి పారేసేదాన్నే, నోటికి వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే అద్దాల తలుపు అవతల లిఫ్టు తెరుచుకుని అత్తయ్య బయటికొచ్చింది. కార్డు చేత్తో పట్టుకుని, లిఫ్టు ఆవిడతో ఏదో చెబుతూ పకపకా నవ్వుతోంది. నేను నోరు మూసుకున్నాను. కాగితాలు సంచిలో పెట్టుకుని, "సోమవారం తెస్తాను" అన్నాను.

ఆ రెండు రోజుల సెలవూ కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. నా ఒక్కదాని సంగతే అయితే ఇంత ఆలోచన లేదు. ప్రెస్సు పని ఎలాగూ ఉంది, చీటీలు ఎలాగూ ఉన్నాయి, మొహం మీదే వద్దని వచ్చేదాన్ని. కానీ ఆ తాడు మెళ్ళోంచి తీయమని ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? మా ఆయనకి చెప్పాను. ఆయన మొత్తం విని, బూటు లేసు కట్టుకుంటూ, "నీకిష్టం లేకపోతే మానెయ్. అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో" అని డ్యూటీకి వెళ్ళిపోయారు. బస్సులో అంతమందిని ఎక్కించుకుని తిప్పే మనిషికి ఇంట్లో ఒక్క మాట చెప్పడానికి ధైర్యం లేదు చూడండి!

ఆదివారం పొద్దున్న పెన్ను తీశాను. సంతకం పెట్టేద్దామనే తీశాను. చీటీలు పోతే పోనీ, టైలరుకి ఎలాగూ టక్ సంగతి నోటికి వచ్చు, ఆవిడ మొహంలో ఆ వెలుగు నేను ఆర్పలేను అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అత్తయ్య చూసింది.

"ఏం కాగితం అది? ఉద్యోగం కాగితమేనా?"

"అవునత్తయ్యా. సంతకం పెట్టేస్తే అయిపోతుంది."

"అదేంటి, నాకు చదవకుండానే? ఇన్నాళ్ళలో ఏ కాగితమైనా నా చేతుల్లో పడకుండా గడప దాటిందా? చదువు."

"ఇది మిషను కాగితం కాదు కదత్తయ్యా..."

"కాగితం కాగితమే. ఉద్యోగం నీదొక్కదానిదే అనుకున్నావా? చదువమ్మాయ్."

చదివాను. ఏం చెయ్యను? జీతం, వేళలు, సెలవులు. ఆవిడ తల ఊపుతూ విన్నది. ఆ వాక్యం వచ్చింది. గొంతు తగ్గించి, గబగబా చదివేశాను: 'ఇంతకు ముందు ఉచితంగా పంచిన చీటీలన్నీ వెనక్కి తీసుకోవాలి.'

"ఆగు," అంది. ఆగిపోయాను అనలేదు, ఆగు అంది. లేచి వంటగదిలోకి వెళ్ళి, మిక్సీ పైనున్న చీటీ ఊడదీసింది. ఫ్రిజ్ మీదది తీసింది. గీజరు దగ్గరది తడికి గోడకి అతుక్కుపోతే గోరుతో గీకి తీసింది. అన్నీ పద్ధతిగా పేర్చి చేత్తో పట్టుకుని తలుపు తీసింది.

"ఎక్కడికత్తయ్యా?"

"అన్నీ అన్నావుగా!"

నేనూ వెనకాల దిగాను. మెట్ల కింద బట్టల మిషను పైనున్న మొదటి చీటీ, అంచులు పసుపెక్కి ఉంది, అదీ తీసింది. బట్టలు తీసుకోవడానికొచ్చిన పై అంతస్తు అమ్మాయి, "బామ్మగారూ, అది లేకపోతే నేనెలా ఉతుక్కోవాలి?" అంది. "నాకేం తెలుసు, కాగితం తీయమంది" అంది అత్తయ్య. తర్వాత టైలరు తలుపు కొట్టింది.

టైలరు మిషను ఆపి లేచాడు. "రండి పిన్నిగారూ, రా అక్కా. ఏంటిలా ఇద్దరూ కలిసొచ్చారు?"

"కుక్కరు చీటీ తీసుకెళ్ళాలి నాయనా. కంపెనీవాళ్ళు తీసెయ్యమన్నారు," అంది అత్తయ్య.

స్టవ్వు పైన చూశాను. నేనిచ్చిన ఆ కాగితాన్ని అతను ప్లాస్టిక్ షీటు లోపల పెట్టి, నాలుగు వైపులా ఎర్రదారంతో మిషను కుట్టు వేశాడు. కొలిచి కొట్టిన కుట్టు, ఎక్కడా వంకర లేదు. నాలుగు మూలలా మేకులు కొట్టి గోడకి బిగించాడు. చెయ్యి బాగయ్యాక మొదట కుట్టింది అదేనట, అప్పుడే చెప్పాడు.

అతను ఒక్క మాట అడగలేదు. అడిగినా బాగుండేది, నాకు ఏడుపొచ్చేది కాదు. షీటు మేకుల నుంచి తప్పించి, బల్ల మీద పరిచి, కత్తెర తీసి అత్తయ్య చేతికిచ్చాడు. "మీ మాట కాదంటానా పిన్నిగారూ? ఈ మూల నుంచి కోస్తే కాగితం చిరగదు." కత్తెర ఇచ్చిన కుడి చెయ్యి మీద మచ్చ ఇంకా గులాబీ రంగులోనే ఉంది.

అత్తయ్య కత్తెర కుట్టు మీద ఆనించింది. ఆవిడ చేతులు నిలిచిపోయాయి. ఎర్రదారం చూసింది, ఆ మచ్చ చూసింది, మళ్ళీ దారం చూసింది. తర్వాత కత్తెర బల్ల మీద పెట్టేసి నా వైపు తిరిగింది.

"ఇక్కడ ఆగిపోయానమ్మాయ్."

నేను ఆ కత్తెర వైపే చూస్తున్నాను.

"చూస్తావేం? నేనాగితే నువ్వేం చేస్తావ్? పైకి పద, మార్చి రాయి."

"మార్చి రాస్తే వాళ్ళు ఒప్పుకోకపోవచ్చత్తయ్యా. మీ ఉద్యోగం కూడా..."

"తెలుసులే. అంత తెలియకుండానే ఉన్నానా?" అని కసిరింది. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. ఆ తర్వాత టైలరు వైపు తిరిగి, "నువ్వేంటలా గుడ్లప్పగించి చూస్తావ్, మేకులకి తగిలించు" అని అతన్ని కూడా కసిరింది. దిగేటప్పుడు తీసిన చీటీలన్నీ ఎక్కేటప్పుడు మళ్ళీ అంటించుకుంటూ వచ్చాం. గీజరు దగ్గరది చిరిగిపోయింది. దాన్ని తిరిగి రాశాను.

ఆ వాక్యమూ, దాని తర్వాతదీ అడ్డంగా కొట్టేసి పక్కనే నా చేత్తో రాశాను: 'చీటీలు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. ఇకపైనా రాస్తాం. కంపెనీ పుస్తకాలు ఇంతే శ్రద్ధగా రాసి, చేసి చూసి ఇస్తాం.' 'రాస్తాను' అని రాయబోయి 'రాస్తాం' అని రాశాను. అత్తయ్య చదివించుకుని విన్నది, ఎక్కడా ఆగలేదు.

సోమవారం మేడమ్ ఆ కాగితం చదివి, "ఉండండి" అని లోపలికి వెళ్ళింది. అద్దాల గదిలో ఎవరితోనో చాలాసేపు వాదించింది. చేతులు తిప్పడం కనిపిస్తోంది. మా కోసమే వాదించిందని నాకు నమ్మకం. వచ్చేసరికి మొహం కాస్త తేటపడింది.

"ఒప్పుకున్నారండీ," అంది. "మీ చీటీలన్నీ ఉంచుకోండి. వేరే కంపెనీల సామాను మీద కూడా రాసుకోండి. జీతమూ అంతే, ఇద్దరి ఉద్యోగాలూ అంతే. కుక్కరు చీటీ ఒక్కటి మాత్రం తీసెయ్యండి. ఒక్కటే కదండీ."

నిజం చెప్పాలంటే ఇంత ఇస్తారనుకోలేదు. నా జవాబు నా నాలుక చివరే ఉంది. అయినా ఈ ఉద్యోగం నాదొక్కదానిది కాదు. అత్తయ్య వైపు తిరిగాను.

"మీరు చెప్పండత్తయ్యా."

ఆవిడ నీలం తాడు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. మేడమ్ వైపు చూసి, పిల్లలకి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"నేనాగింది అక్కడే కదమ్మా."

అత్తయ్య తాడు మెళ్ళోంచి తీసి, కొక్కెం నుంచి కార్డు విడదీయడానికి తంటాలు పడింది. నేను సాయం చేయబోతే నా చెయ్యి తోసేసింది. చివరికి కార్డు ఊడింది. దాన్ని బోర్లా కాకుండా, ఫొటో పైకి ఉండేలా బల్ల మీద పెట్టింది.

"కార్డు మీది. ఈ తాడు నేనుంచుకోవచ్చా?"

"ఉంచుకోండమ్మా," అంది మేడమ్.

ఇంటికొచ్చాక అత్తయ్య గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. కంపెనీకి వద్దని చెప్పినందుకు నాకు రవ్వంత బాధ లేదు, ఆరునూరైనా మళ్ళీ అదే చెబుతాను. ఆ మూసిన తలుపు చూస్తేనే ప్రాణం ఉసూరుమంది. కంటి నిండా నీళ్ళు పెట్టుకుని ప్రెస్సు పని ముందేసుకున్నాను. ఈసారి పెంపుడు కుక్కలకి స్నానం చేయించే షాపు. కుక్కల ఆనందం గురించి రాయాలట. ఒక్క ముక్క సాగలేదు.

మధ్యాహ్నం ఆవిడ ఫోను మోగింది. చెల్లెలే. లోపల్నుంచి ఇంకా మాట వినిపించలేదు. ఇప్పుడేం చెబుతుందో, ఉద్యోగం పోయిందని చెబుతుందో, మళ్ళీ గంటసేపు ఊఁ కొడుతుందో అని పెన్ను పట్టుకుని అలాగే చెవులు రిక్కించాను.

తలుపు తీసుకుని బయటికొచ్చింది. మెళ్ళో నీలం తాడు. కార్డు ఉండే కొక్కేనికి కళ్ళజోడు తగిలించి ఉంది. చెవి దగ్గర ఫోను.

"చెల్లీ, నాకు టైం లేదే. డ్యూటీలో ఉన్నా," అని పెట్టేసింది.

వంటగదిలో బల్ల మీద టైలరు కొత్తగా కొన్న ఇస్త్రీ పెట్టె పొద్దుట్నుంచీ మా కోసం కాచుకుని ఉంది. అత్తయ్య కళ్ళజోడు ఎత్తి పెట్టుకుని దాని ముందు నిలబడింది. జీవితంలో మొదటిసారి ఎవరమూ ఆ కళ్ళజోడు వెతకలేదు.

"ఊఁ, చదువమ్మాయ్."

కుక్కల ఆనందం పక్కన పడేసి, కొత్త కాగితం తీసి, మొదటి వాక్యం రాసి చదివాను. ఎక్కడా ఆగకుండా చేసేసింది.